మూరెడు వెలుగు

తెనాలి బజారులో ఒక చిన్న టార్చిలైటు కొనడం ఇంత గొడవని తెలిస్తే కనకలక్ష్మి ఆ పొద్దున రేపల్లెలో రైలెక్కేదే కాదు. మొదటి షాపులో మనిషి ఆవిడను "మామ్మగారూ" అని పిలిచాడు. జుట్టుకు రంగు వేసుకోకపోవడం తప్ప ఆవిడ చేసిన నేరం ఏమీ లేదు. రెండో షాపాయన "సెల్‌ఫోన్‌లో లైటుంటుంది కదండీ, మళ్ళీ టార్చెందుకు" అని హితబోధ చేశాడు. అమ్ముకోవడానికి కూర్చున్నవాడే కొనొద్దంటే ఇక కొనేవాళ్ళు ఎవరితో చెప్పుకోవాలి. మండుటెండలో కొంగు నెత్తిన వేసుకుని మూడో షాపు మెట్లెక్కేసరికి ఆవిడకు తెనాలి మొత్తం మీద కోపం వచ్చేసింది.

మూడో షాపు యజమాని శేషగిరిరావు కాస్త మర్యాద తెలిసినవాడు. స్టూలు లాగి కూర్చోమన్నాడు. పిన్నిగారూ అన్నాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత గాజుబల్ల మీద రోకలిబండ అంత టార్చి ఒకటి పెట్టాడు.

"ఇది అర కిలోమీటరు కొడుతుంది పిన్నిగారూ. ఈ గట్టు మీద నుంచి వేస్తే ఆ గట్టు మీద పందికొక్కు కనపడుతుంది."

"నాకు పందికొక్కులతో పనిలేదు నాయనా. మూరెడు దూరం కనపడితే చాలు."

"మూరెడా?" శేషగిరిరావు టార్చి వెనక్కి తీసుకున్నాడు. "మూరెడు వెలుగుకి టార్చెందుకండి, అగ్గిపుల్ల గీసుకుంటే సరిపోదూ."

ఎందుకో చెప్పే వీలుంటే ఆవిడ రేపల్లెలోనే కొనుక్కునేది. రేపల్లెలో చీపురు కొన్నా సాయంత్రానికి నలుగురు అడుగుతారు. ఈ టార్చి సంగతి ఆ నలుగురికీ తెలియకూడదు.

కనకలక్ష్మి భర్త వేంకటసుబ్రహ్మణ్యం రేపల్లెలో అమ్మవారి గుడికి అర్చకుడు. తండ్రి చేతి మీదుగా వచ్చిన అర్చకత్వం. ఆ గర్భగుడిలో ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండదు. కిటికీ లేదు. నూనెదీపం తప్ప వేరే వెలుగు ఆ గడప దాటకూడదని మొదటి నుంచీ ఆచారం. ఇన్నేళ్ళూ ఆ దీపాల వెలుగులోనే ఆయన అమ్మవారికి చీర కట్టాడు, కాటుక దిద్దాడు, బొట్టు పెట్టాడు. ఈమధ్య ఆ దీపాల చుట్టూ మంచు పట్టినట్టుందని అనడం మొదలుపెట్టాడు. బాపట్లలో ఉన్న కూతురు మేధ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళినట్టు వెళ్ళి, అక్కడ కంటి డాక్టరుకు చూపించుకున్నారు. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోండి అన్నాడాయన. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలపాటు తలకు నీళ్ళు పోసుకోకూడదు, పొగలో ఉండకూడదు, వంగకూడదు. తలస్నానం లేకుండా అర్చకుడు గర్భగుడిలో అడుగు పెట్టడు. ముంగిట్లోనేమో దసరా. పండగ వెళ్ళాకే ఆపరేషన్ అని వేంకటసుబ్రహ్మణ్యం తేల్చేశాడు.

గుడి కమిటీ ప్రెసిడెంటు పూర్ణచంద్రరావుకు ఈ సంగతి తెలిస్తే వేంకటసుబ్రహ్మణ్యానికి ఆ పండగ కూడా దక్కదు. పూర్ణచంద్రరావుకు రొయ్యల చెరువులున్నాయి. మంచి మనసూ ఉంది. కాని తాను ఇచ్చినదాన్ని ఎవరైనా వద్దంటే మాత్రం తట్టుకోలేడు. కిందటేడు గర్భగుడి నిండా ఎల్‌ఈడీ దీపాలు పెట్టిస్తానని ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. "కరెంటు ఈ గడప దాటదండి" అన్నాడు వేంకటసుబ్రహ్మణ్యం, నలుగురిలో. ఆ మాట ప్రెసిడెంటుకు అరిగించుకోవడం కష్టమైంది. మొన్న శ్రావణమాసంలో ఎవరో అమ్మవారిని ఫోన్‌లో వీడియో తీశారు. బొట్టు నుదుటి మధ్యలో లేదు, ఒక పక్కకు జరిగి ఉంది. కమిటీ వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో కింద పూర్ణచంద్రరావు ఇలా రాశాడు: లైటు వద్దన్నవారికి అమ్మవారి నుదురెక్కడుందో తెలియడం లేదు, బాపట్లలో కుర్ర అర్చకుడు ఒకాయన సిద్ధంగా ఉన్నాడు, ఇంకోసారి ఇలా జరిగితే పిలిపిద్దాం.

అది చదివాక కనకలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పూట ఆవిడ గంధం తీస్తుంటే సాన చప్పుడు వీధిలోకి వినపడింది. కాపురానికి వచ్చిన దగ్గర నుంచి ఆ గుడికి గంధం తీసింది ఆవిడ, దండలు కట్టింది ఆవిడ, మహానైవేద్యం వండింది ఆవిడ. కమిటీలు వచ్చాయి, పోయాయి. బొట్టు ఒక్కరోజు పక్కకు జరిగితే మనిషినే జరిపేస్తారా. ఆ సేవ పోతే ఆయన ఆయనలా మిగలడని ఆవిడకు తెలుసు. పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్ళక్కర్లేని వేంకటసుబ్రహ్మణ్యాన్ని తలుచుకుంటేనే ఆవిడకు భయం వేసింది. భయం వేస్తే ఆవిడ ఏడవదు, కోప్పడుతుంది.

టార్చి ఆలోచన ఆవిడదే. ఆయన ముందు ఒప్పుకోలేదు.

"నలుగురిలో కరెంటు వద్దని, చాటుగా నేనే టార్చి వేసుకోనా?"

"దీపంగా వేసుకోమని ఎవరన్నారు. కళ్ళజోడు పెట్టుకుని లోపలికెళ్తున్నారు కదా. ఇదీ కళ్ళజోడే అనుకోండి. వెలుగు అమ్మవారికి కాదు, మీ కంటికి."

ఆయన బదులు చెప్పలేదు. ఆయన మౌనాన్ని అంగీకారం కింద జమ వేసుకోవడం ఆవిడకు పెళ్ళయిన కొత్తలోనే అలవాటైంది.

అందుకే ఇప్పుడు శేషగిరిరావు ముందు ఆవిడ కారణం చెప్పకుండా కావలసినవి మాత్రం చెప్పుకొచ్చింది. అసలు బరువుండకూడదు అంది. నగలపెట్టె తాళంచెవి వేంకటసుబ్రహ్మణ్యం ఎప్పుడూ జంధ్యానికే కట్టుకుంటాడు. ఆ తాళంచెవి రింగుకే ఇదీ వేలాడాలి, బరువైతే పోగు తెగుతుంది. చప్పుడు కూడా చేయకూడదు అంది. అలంకారం చేసేటప్పుడు తెర వేస్తారు, తెర వెనక టిక్కుమంటే ముందున్నవాళ్ళకు వినపడుతుంది.

"బటను ఉన్నవైతే చిన్నవి బోలెడున్నాయండి," అన్నాడు శేషగిరిరావు.

"బటను కుదరదు. బోర్లా పడుకుంటే నొక్కుకుంటుంది."

"టార్చి పెట్టుకుని బోర్లా ఎవరు పడుకుంటారండి?"

సాష్టాంగ నమస్కారం అని చెప్పలేక, "పడుకునేవాళ్ళున్నారు నాయనా, నీకెందుకు" అని కసిరింది.

శేషగిరిరావు కింద అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా తీశాడు. అందులో చిటికెనవేలంత టార్చి ఉంది, చివర తాళంచెవుల రింగుతో. దానికి బటను లేదు. తల పట్టుకుని తిప్పితే వెలుగుతుంది, వెనక్కి తిప్పితే ఆరిపోతుంది. లోపల చొక్కా గుండీలంత వాచీ సెల్లులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కనకలక్ష్మి తిప్పి చూసింది. అరచేతిలో రూపాయి బిళ్ళంత వెలుగు పడింది. ఆవిడ కోపం సగానికి సగం దిగిపోయింది. బేరం కూడా ఆడకుండా కొంగుకు ముడేసుకుని రైలెక్కింది.

ఇంటికి రాగానే ఆవిడ చేసిన మొదటి పని దాన్ని పసుపునీళ్ళలో ముంచడం. బజారు నుంచి వచ్చింది గిన్నె కానివ్వండి, గంట కానివ్వండి, పసుపునీళ్ళలో మునక వేయందే గర్భగుడిలోకి వెళ్ళదు. అది అత్తగారు నేర్పిన పద్ధతి. గిన్నెకు లేని అభ్యంతరం టార్చికి ఎందుకుంటుందనుకుంది. బాగా ముంచి, పొడిబట్టతో తుడిచి, కళ్ళకద్దుకుని ఆయన చేతికిచ్చింది. వేంకటసుబ్రహ్మణ్యం దాని తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అది వెలగలేదు.

మర్నాడు శేషగిరిరావు షాపు తెరిచేసరికి ఆవిడ మెట్ల మీద నిలబడి ఉంది.

"ఇదేనా మీ మర్యాద. పెద్దదాన్నని చూడకుండా చచ్చు సరుకు అంటగడతారా. రేపల్లె చేరేలోపే చచ్చిపోయింది."

శేషగిరిరావు టార్చి తీసుకుని తల పూర్తిగా ఊడదీసి బల్ల మీద వంచాడు. పచ్చటి నీళ్ళు బొట్లు బొట్లుగా కారాయి. వాటి వెనకే గుండీ సెల్లులు, అవీ పచ్చగానే, జారి పడ్డాయి. ఆయన వేలితో అద్దుకుని వాసన చూశాడు.

"పసుపా అండి ఇది?"

"మరి ముంచకుండా లోపలికి ఎలా పంపిస్తాం," అంది కనకలక్ష్మి. లోపలికంటే ఎక్కడికి అని ఆయన అడగలేదు కానీ, నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ నవ్వు చూసేసరికి ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క మునకకు తట్టుకోలేనిది టార్చెలా అవుతుందని అడిగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా పసుపును అంటావేమిటని అడిగింది. శేషగిరిరావు నవ్వడం మానేసి నిజం చెప్పాడు.

"ముంచాల్సిందే అయితే, తల బిగించే చోట లోపల రబ్బరు రింగు ఉన్నది తీసుకోండి పిన్నిగారూ. నీళ్ళు దూరవు. ఈ వాచీ సెల్లులు కూడా వద్దు, మీ ఊళ్ళో దొరకడం కష్టం. టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లు ఒక్కటి పట్టేది చూసుకోండి. నా దగ్గర లేదు, ఉంటే ఇచ్చేవాణ్ణే."

సలహా మంచిదే. అయినా ఆవిడ థాంక్స్ చెప్పకుండా మెట్లు దిగింది.

మరో రోజు రేపల్లె నుంచి బాపట్లకు చెరుకుపల్లి మీదుగా బస్సులో వెళ్ళింది. కిటికీ పక్కన వరిచేలు పచ్చగా ఉన్నాయి, ఆవిడ వాటిని చూడలేదు. మేధ బ్యాంకులో పనిచేస్తుంది. తల్లి వచ్చిందని భోజనాల వేళకు బయటపడి, స్టేషన్ దగ్గర షాపులకు తీసుకెళ్ళింది. దారంతా పోరు పెడుతూనే ఉంది.

"ఫోన్‌లో ఆర్డరు పెడితే ఎల్లుండి ఇంటికొస్తుంది కదమ్మా. దీనికోసం ఇన్ని బస్సులెక్కాలా."

"చేత్తో తిప్పి చూడకుండా ఎలా కొంటానే. మీ నాన్న వేళ్ళకు ఎప్పుడూ నూనే, గంధమూ. జారిపోయేది కొంటే ఏం చేసుకోను."

ఆ మాట నిజం. ఉషశ్రీ అనే ఆవిడ నడిపే షాపులో రబ్బరు రింగువి రెండు రకాలు దొరికాయి. ఒకటి నున్నగా గాజుగొట్టంలా ఉంది. రెండోదానికి మెడ చుట్టూ గరుకుగా గాట్లున్నాయి. కనకలక్ష్మి సంచీలోంచి చిన్న నూనెసీసా తీసి, వేళ్ళకు రాసుకుని, రెండూ తిప్పి చూసింది. మేధ సిగ్గుతో రోడ్డువైపు తిరిగి నిలబడింది. నున్నటిది జారింది. గాట్లదానికి పట్టు దొరికింది. తర్వాత గ్లాసుడు మంచినీళ్ళు అడిగి, గాట్లదాన్ని వెలిగించి అందులో వేసింది. అది నీళ్ళ అడుగున పడి అలాగే వెలుగుతూ ఉంది.

"ఎందుకండీ ఇన్ని పరీక్షలు?" అంది ఉషశ్రీ, కోపం లేకుండానే.

"ఇదివరకు ఒకదాన్ని చంపానమ్మా," అంది కనకలక్ష్మి.

సెల్లుల దగ్గర ఇంకో పంచాయితీ అయింది. టార్చితో పాటు వచ్చిన సెల్లు మీద తేదీ లేదు. తేదీ లేని మందు మింగుతామా అని కనకలక్ష్మి దాన్ని పక్కన పెట్టేసింది. ఉషశ్రీ ఆల్కలైన్ సెల్లులు చూపించి, చవకవి లోపలే కారి టార్చిని తినేస్తాయని, వాడనప్పుడు తల ఇంకాస్త వదులు చేసి ఉంచమని చెప్పింది. కనకలక్ష్మి తేదీలన్నీ మేధ చేత చదివించి కొత్తవే తీసుకుంది. వెలుగు మరీ తెల్లగా, ఆస్పత్రి లైటులా ఉంది. దానికి మాత్రం ఆవిడ ఎవరినీ అడగలేదు. ఇంటికెళ్ళి, దండల్లో వేసే, అవతలికి కనపడే పసుపుపచ్చ జిలుగుకాగితం గుండ్రంగా కత్తిరించి అద్దం మీద అంటించింది. వెలుగు దీపపు రంగులోకి వచ్చింది. పసుపునీళ్ళలో ముంచినా చావలేదు.

పండగ మొదలైంది. మొదటిరోజు ఆవిడ గడప దగ్గర నిలబడి పూలు అందిస్తూ, లోపలి నుంచి ఏదో ఒక మంచిమాట వస్తుందని చూసింది. ఆ చోటు ఆవిడదే. తెరకు లోపలా గడపకు బయటా, మనిషి నిలబడేంత జాగా. పూలూ గంధమూ నగలూ ఆవిడ చేతి మీదుగానే లోపలికి వెళ్తాయి. ఆవిడ మాత్రం వెళ్ళదు. అర్చకుడి భార్య అయినా సరే, ఆడవాళ్ళు ఆ గడప దాటకూడదు. అక్కడి నుంచి ఆవిడకు కనపడేది దీపాల పొగా, ఆయన వీపూ, ఆ వీపు పక్కన అమ్మవారి భుజమూ అంతే. మిగతావాళ్ళకైనా తెర తీశాక నగలతో, పూలతో నిండిన అమ్మవారు దూరం నుంచి కనపడుతుంది. ఆ వేళకు ఆవిడ నైవేద్యం దింపుతూ వంటింట్లో ఉంటుంది.

కాసేపటికి వేంకటసుబ్రహ్మణ్యం గడప దగ్గరికి వచ్చాడు. నుదుటి మీద చెమట పట్టి ఉంది.

"కుదరడం లేదే. వంగితే ఇది నా పొట్ట మీద వెలుగుతోంది. నిలబడితే అమ్మవారి పాదాల మీద పడుతోంది. మొహం మీదికి తిప్పాలంటే చెయ్యి కావాలి. ఒక చేతిలో కుంకుమగిన్నె, ఒక చేతిలో పుల్ల. నాకు మూడో చెయ్యి లేదుగా."

"పళ్ళతో పట్టుకుంటే," అని మొదలుపెట్టి, ఆవిడే నాలిక కరుచుకుంది. నోట్లో పెట్టుకున్నది ఎంగిలి. ఎంగిలి వస్తువు అమ్మవారి మొహానికి మూరెడు దూరంలోనా.

ఆవిడకు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. రెండు ఊళ్ళు తిరిగింది. నూనె రాసి చూసింది, నీళ్ళలో ముంచి చూసింది, తేదీలు చదివించింది. దాన్ని పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలన్న సంగతి ఒక్కటే తట్టలేదు. బయట జనం గోల మొదలైంది. బొట్టు ఇంకా పెట్టలేదు.

"ఇలా ఇవ్వండి," అంది.

ఆయన జంధ్యం నుంచి రింగు విడదీసి ఇచ్చాడు. ఆవిడ గడపకు ఆనుకుని నిలబడి, టార్చి తల తిప్పి, చెయ్యి చాచింది. పాదాలు గడప ఇవతలే ఉన్నాయి. చెయ్యి భుజం దాకా గర్భగుడిలోకి వెళ్ళింది. టార్చికీ అమ్మవారి మొహానికీ మధ్య మిగిలింది మూరెడు దూరం. ఆవిడ అడిగి కొన్న మూరెడు.

ఆ పసుపుపచ్చటి వెలుగులో కనకలక్ష్మి మొదటిసారి అమ్మవారి మొహం దగ్గర నుంచి చూసింది. నల్లరాతి బుగ్గ మీద ఒక సొట్ట ఉంది. చెక్కినవాళ్ళు పెట్టింది కాదు. ఆయనా, ఆయన తండ్రీ, ఆ పైవాళ్ళూ రోజూ పసుపు రాస్తూ రాస్తూ వాళ్ళ బొటనవేలు అరగదీసిన చోటు అది. ఆ పసుపు ప్రతిరోజూ ఈవిడ కలిపిందే. ఆవిడకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే కోపమూ వచ్చింది. ఇంత చిన్న సంగతి, బుగ్గ మీద సొట్ట ఉందన్న సంగతి, ఇన్నేళ్ళలో ఒక్కరూ తనకు చెప్పలేదు.

"కదపకు," అన్నాడు ఆయన, బొట్టు దిద్దుతూ. ఆవిడ కదపలేదు.

అక్కడి నుంచి రోజూ అదే పద్ధతి. బొట్టు నుదుటి మధ్యలోనే పడుతోంది. వాట్సాప్ గ్రూపులో అందరూ దండాలు పెడుతున్నారు. మూలా నక్షత్రం రోజు సరస్వతి అలంకారం. పలకలు పట్టుకున్న పిల్లలతో, తల్లులతో మండపం కిటకిటలాడింది. పూర్ణచంద్రరావు భార్య హైమావతితో కలిసి తెరకు ఎదురుగా నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టి మండపం చీకటిగా ఉండటంతో, తెర మీద పసుపుపచ్చటి వెలుగు ఒకటి కదలడం ఆయన కంట పడింది.

"పంతులుగారూ," అన్నాడు అందరికీ వినపడేలా. "తెర వెనక ఆ వెలుగేంటండి?"

వేంకటసుబ్రహ్మణ్యం చేస్తున్న పని పూర్తిచేసి, చేతులు కడుక్కుని, తెర తీశాడు. తెల్లచీరలో అమ్మవారు నిండుగా ఉంది. జనం దండాలు పెట్టారు. పూర్ణచంద్రరావు కూడా పెట్టాడు, పెట్టి మళ్ళీ ఆ మాటకే వచ్చాడు. వంటింటికి వెళ్ళకుండా అక్కడే ఆగిపోయిన కనకలక్ష్మి చేతిలో టార్చి ఆయనకు కనపడుతూనే ఉంది.

"కరెంటు గడప దాటదని నలుగురిలో నా మొహం మీద చెప్పారు. ఇప్పుడు టార్చా అండి?"

"తప్పు నాదేనండి," అన్నాడు వేంకటసుబ్రహ్మణ్యం. "నా కళ్ళలో శుక్లాలొచ్చాయి. పండగ వెళ్ళాక ఆపరేషన్. అప్పటిదాకా అమ్మవారి మొహం కనపడాలని ఈ ఏర్పాటు. మీతో ముందే చెప్పాల్సింది."

మండపంలో గుసగుసలు లేచాయి. పూర్ణచంద్రరావు ఒక్క క్షణం తడబడి, ఇంకో దారిలో వచ్చాడు.

"మరి టార్చి ఈవిడ చేతిలో ఉందేంటి. అమ్మగారూ, మీరు లోపలికి వెళ్ళారా?"

అప్పటిదాకా కనకలక్ష్మి తలవంచుకునే ఉంది. ఆ ప్రశ్నకు తల ఎత్తింది.

"నేను వెళ్ళలేదు బాబూ. గడప దాటింది నా చెయ్యి ఒక్కటే. ఈ చెయ్యి తీసిన గంధం రోజూ లోపలికి వెళ్తుంది, మీరెవరూ అడగలేదు. ఈ చెయ్యి కట్టిన దండ వెళ్తుంది. ఈ చెయ్యి వండిన అన్నం అమ్మవారు తింటుంది, ఆ తర్వాత మీరూ తింటున్నారు. చేసిందంతా పనికొచ్చి, చేసిన చెయ్యి ఒక్కటీ పనికిరాకుండా పోయిందా. అలా అయితే రేపటి నుంచి గంధం మీరే తీసుకోండి."

మాట అనేసింది కాబట్టి ఇక ఆయన అర్చకత్వం పోయినట్టేనని అనుకుంది. అప్పుడు హైమావతి భర్త పక్క నుంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"పిన్నిగారూ," అంది మెల్లగా. "దగ్గర నుంచి అమ్మవారు ఎలా ఉంటుందండి?"

ఆ మాటకు వెనకున్న ఆడవాళ్ళంతా దగ్గరికి జరిగారు. కనకలక్ష్మికి తిట్టడానికి ఇంకా చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. అవి నోటి దాకా వచ్చి ఆగిపోయాయి.

"బుగ్గ మీద సొట్ట ఉందమ్మా," అంది. "పసుపు రాసీ రాసీ అరిగింది. మన చంటిపిల్లల బుగ్గలాగే ఉంటుంది."

హైమావతి భర్త వైపు తిరిగి చూసింది. ఇంట్లో అనబోయేదంతా ఆ చూపులో ఉంది. పూర్ణచంద్రరావు కండువా సర్దుకున్నాడు. ఆపరేషన్ అయి కళ్ళు నయమయ్యేదాకా బాపట్ల కుర్రాయన వస్తాడని, ఆ తర్వాత తాళంచెవి మళ్ళీ పంతులుగారిదేనని, ఈ పండగ ఎలా జరుగుతోందో అలాగే జరగనివ్వండని, ఇదంతా తన ఆలోచనే అన్నట్టు ప్రకటించాడు. పోనీలే అనుకుంది కనకలక్ష్మి.

టార్చి ఆ తర్వాత జంధ్యానికి ఎక్కలేదు. ఆవిడ మంగళసూత్రాల తాడుకు వేలాడే పిన్నీసుల పక్కనే అదీ చేరింది.

మహర్నవమికి అమ్మవారికి పూలజడ వేస్తారు. అది ప్రతి ఏడూ కనకలక్ష్మి కుట్టేదే. ముందురోజంతా కూర్చుని అట్ట మీద లిల్లీమొగ్గలు, కనకాంబరాలు, మరువం వరసలుగా కుడుతుంది. చివర జడకుచ్చులు పెడుతుంది. జడ అమ్మవారి వీపు మీద ఉంటుంది కాబట్టి, అది ఎలా ఉందో ఎదురుగా నిలబడినవాళ్ళెవరూ చూడలేరు. ఆవిడా ఎప్పుడూ చూడలేదు. కుట్టి ఇవ్వడమే.

ఆ రోజు బొట్టు పెట్టడం అయ్యాక ఆవిడ టార్చి ఆర్పలేదు.

"ఏమండీ, ఆ అద్దం తీసి అమ్మవారి వెనక పట్టుకోండి."

పూజలో అమ్మవారికి చూపించే అద్దం అక్కడే ఉంది. పూలజడ వేసిన ఆడపిల్లకు ఫోటో తీసేటప్పుడు వెనక అద్దం పెడతారే, అలా పట్టుకోమంది. వేంకటసుబ్రహ్మణ్యం విగ్రహం వెనక సందులోకి చెయ్యి దూర్చి అద్దం వాలుగా పట్టుకున్నాడు. ఆవిడ గడప మీదుగా చెయ్యి చాచి వెలుగు అద్దం మీదికి తిప్పింది. అద్దంలో జడ కనపడింది.

అట్ట కనపడింది. అట్ట మీద తెల్లదారం కుట్లు, ముళ్ళు, ఆవిడ సూది వేసిన అడ్డదిడ్డపు గీతలన్నీ కనపడ్డాయి. ఒక్క పువ్వు కూడా కనపడలేదు.

"జడ తిరగేసి పెట్టారేంటండీ."

"తిరగేసి ఏం లేదే. పూలు అమ్మవారి ఒంటికి తగలాలి కదా, అందుకని అటువైపు పెడతాను."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ ఇలాగే." ఆయన అద్దం పక్క నుంచి తొంగిచూశాడు. మసక కళ్ళలో నిజంగానే ఆశ్చర్యం ఉంది. "తప్పయితే నువ్వెప్పుడూ చెప్పలేదేం?"

"చూస్తేగా చెప్పడానికి," అంది కనకలక్ష్మి.

ఆయన అద్దం గోడకు ఆనించి, జడ విప్పి, పూలు బయటికి వచ్చేలా తిప్పి కట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ భుజం లాగుతున్నా చెయ్యి దించలేదు. బయట సన్నాయి రెండోసారి ఆగింది. తెర అవతల పూర్ణచంద్రరావు దగ్గాడు.

"ఇంకా ఎంతసేపండి పంతులుగారూ?"

"ఆగండి నాయనా," అంది కనకలక్ష్మి లోపలి నుంచి. "జడ వేస్తున్నాం."